రెబెక్కమ్మ మంచం పక్క దీపం

"అన్నా, ఇది బాగు చేస్తారా?"

సోల్డరింగ్ చేస్తున్న బోర్డు మీంచి హెబ్రోను తలెత్తాడు. బయట వాయుగుండం వాన. ఎదురుగా ఉండాల్సిన నెల్లూరు బస్టాండు సగం కనిపించడం లేదు. షాపు మెట్టు మీద ఒక అమ్మాయి, చున్నీలో చుట్టిన ఏదో వస్తువును పసిబిడ్డలా పట్టుకుని నిలబడి ఉంది.

"ముందు లోపలికి రండి. తడుస్తుండారు."

"నేను తడిస్తే ఆరతాను. ఇది తడిస్తే ఆరదు గదా," అంటూ లోపలికొచ్చి చున్నీ విప్పింది. మంచం పక్కన పెట్టుకునే స్మార్ట్ లాంపు. తెల్లగా, గుండ్రంగా, చిన్న గుమ్మడికాయంత ఉంది.

దాన్ని చూడగానే హెబ్రోను నవ్వాడు.

"నవ్వేదానికేముంది?"

"ఈ దీపం చెడిపోలేదండీ. కంపెనీ చెడిపోయింది."

"అది నాకూ తెలుసు. యాప్ మూసేసినారు. నేను స్కూల్లో కంప్యూటర్ టీచర్ని. ఆ మాత్రం తెలవదనుకున్నారా?"

"అంతా తెలిస్తే ఇంక నేనెందుకు?"

"సరేలే అన్నా. ఇటివ్వండి." ఆమె మళ్ళీ చున్నీ చుట్టబోయింది.

"అయ్యో, ఆగండి. కోపం బస్సు కంటే ముందే వచ్చేట్టుంది మీకు." బల్ల కింద నుంచి హెబ్రోను ఇంకో దీపం తీసి పక్కన పెట్టాడు. అచ్చం అదే. కాకపోతే దీనికి పొట్ట తెరిచి ఉంది, వైర్లు బయటికి వేలాడుతున్నాయి. "ఇది నాది. దీనికి నేనే కొత్త ఫర్మ్‌వేర్ రాస్తుండా."

ఇలాంటి దీపాల లోపల గోరంత చిప్పు ఉంటుంది. ఎప్పుడు వెలగాలో, ఎంత వెలగాలో దానికి చెప్పే ప్రోగ్రామే ఫర్మ్‌వేర్. కంపెనీ రాసిన ప్రోగ్రాము ప్రతిదానికీ కంపెనీ సర్వర్ అనుమతి అడుగుతుంది. సర్వర్ ఆపేశాక దీపాలన్నీ కళ్ళలో గుచ్చే తెల్ల వెలుగొక్కటే ఇస్తున్నాయి. హెబ్రోను ఆ ప్రోగ్రామును చెరిపేసి తన సొంతది పెడుతున్నాడు. అది ఓపెన్ సోర్స్. రాసిన ప్రతి లైనూ ఇంటర్నెట్‌లో పెట్టాడు. ఎవరైనా చదవచ్చు, వాడుకోవచ్చు, తప్పులు పట్టచ్చు.

ఆమె పేరు అబిగయీలు. ఊరు మైపాడు. దీపం వాళ్ళ అవ్వది. అవ్వ రెబెక్కమ్మకు కంటి ఆపరేషన్ అయింది. తెల్లవారుజామున ప్రార్థనకు లేచేటప్పుడు చీకట్లో తడబడకుండా, కళ్ళకు మెత్తగా ఉండేలా పసుపు వెలుగు కావాలి.

"ఇప్పుడే పెట్టిస్తా, కూర్చోండి," అన్నాడు హెబ్రోను.

"అప్పుడే వద్దు. మీరు రాసింది ముందు చదవాల. చదవకుండా మా అవ్వ మంచం దగ్గర పెట్టను."

"మొత్తమా?"

"మొత్తం."

పక్క షాపులో ఫోన్ కవర్లు అమ్మే ఫ్రెడ్డీ, ఆమె దీపం వదిలి వెళ్ళగానే తల లోపలికి పెట్టాడు. "ఏందబ్బయా, ముఖం నువ్వు చేసిన దీపంలాగా వెలిగిపోతా ఉండాది?"

"పోరా, పని చూసుకో."

ఆమె నిజంగానే మొత్తం చదివింది. అక్కడి నుంచి రోజూ ప్రాజెక్టు పేజీలో హెబ్రోను రాసిన లైన్ల కింద ఆమె వ్యాఖ్యలు కనిపించేవి. టీచరు కదా, ఎర్ర పెన్ను అలవాటు.

"ఈ ఫంక్షన్‌కి 'కొత్తది ఫైనల్ నిజంగా ఫైనల్' అని పేరేంది? బిడ్డలకి కూడా ఇట్టానే పెడతారా?"

"బిడ్డలు లేరండీ. పెళ్ళే కాలేదు."

"నేను అడగలేదు."

కొన్నాళ్ళకు ఆ వ్యాఖ్యల్లో 'అన్నా' పోయింది. దాని స్థానంలో 'హెబ్రోను గారూ' వచ్చింది. ఆ రోజు హెబ్రోను ఒక రేడియోకు రెండుసార్లు బిల్లు వేసి కస్టమరుతో తిట్లు తిన్నాడు.

అన్నిటిలోకీ ముఖ్యమైన తప్పు ఆమె ఒకటి పట్టింది. తన షాపులోని టెస్ట్ సర్వర్ అడ్రసును హెబ్రోను ప్రోగ్రాములో నేరుగా రాసేశాడు. దానివల్ల ఈ ఫర్మ్‌వేర్ ఉన్న ప్రతి దీపమూ, ఎక్కడున్నా సరే, అతని బల్ల మీది మీటకు లోబడుతుంది.

"మీరు మీట నొక్కితే ఊళ్ళో దీపాలన్నీ వెలగాలనా? ఈ లైను తీసెయ్యండి," అని రాసింది.

"టెస్టింగుకి పెట్టుకున్నా. తీసేస్తా," అని జవాబిచ్చాడు.

తీసేద్దామనే అనుకున్నాడు. తీయలేదు.

ఒక శనివారం కొత్త ప్రోగ్రాము పెట్టిన దీపం బిగించడానికి మైపాడు వెళ్ళాడు. సముద్రపు గాలికి తలుపులు కొట్టుకుంటున్న చిన్న డాబా ఇల్లు. రెబెక్కమ్మ మంచం మీద కూర్చుని ఉంది. నల్ల కళ్ళద్దాల వెనక నుంచి అతన్ని తేరిపార చూసింది.

"ఎవరి పిల్లోడివి నాయనా? ఏ సంఘం?"

చెప్పాడు.

"ఆదివారం గుడికి పోతావా, లేకుంటే ఇట్టా వైర్లతోనే ఉంటావా?"

"పోతానవ్వా. అప్పుడప్పుడు లేటవతాది."

"లేటుగా పోయినోడికి వాక్యం దొరకదు. వెనక వరసలో చెప్పుల కంపు దొరకతాది."

అబిగయీలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు చూస్తూ హెబ్రోను ప్లగ్గు తప్పు రంధ్రంలో పెట్టబోయాడు.

అప్పుడే ఆమె అడిగింది. "ఆ లైను తీసేసినారా?"

అవ్వ ఎదురుచూస్తోంది. పిల్ల కళ్ళు తన మీదే ఉన్నాయి. మర్చిపోయానని చెప్పడానికి ఒక్క మాట చాలు. కానీ ఆ ఒక్క మాటతో ఆమె ముందు చేతకానివాడినవుతానని భయమేసింది.

"ఎప్పుడో తీసేసినా," అన్నాడు.

లైను లైనూ చదివే మనిషి, ఆ మాట విన్నాక మళ్ళీ చదవలేదు. నమ్మింది.

*

ఆ తర్వాత రెండో ఆదివారం మైపాడు గుడికి రమ్మని అబిగయీలు ఫోన్ చేసింది. "అవ్వ సాక్ష్యం చెబుతాదంట. నిన్ను తప్పకుండా రమ్మంది." గొంతులో ఎందుకో హుషారు లేదు. హెబ్రోను మాత్రం ఆమె 'నిన్ను' అన్నది ఒక్కటే విన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని మొదటి బస్సుకే బయల్దేరాడు.

ఆరాధన మధ్యలో, దేవుడు తమకు చేసిన మేలును ఒక్కొక్కరూ లేచి చెప్పుకునే సాక్ష్యాల సమయం వచ్చింది. ఆడవాళ్ళ వైపు నుంచి రెబెక్కమ్మ మెల్లగా లేచింది.

"మా అబిగయీలుకి కావలి నుంచి సంబంధం వచ్చిన సంగతి మీకందరికీ తెలుసు," అని మొదలుపెట్టింది.

హెబ్రోనుకు తెలియదు.

"పిల్లోడు సుశీల్ కుమారు. కాలేజీలో లెక్చరరు. మంచి కుటుంబం. మేం ఆ సంబంధాన్ని ప్రార్థనలో పెట్టినాం. నేను ప్రభువుని అడిగినా. అయ్యా, ఇది నీ చిత్తమైతే నాకొక గుర్తు చూపించు అన్నా. మొన్న గురువారం అన్నం తిని, మంచం మీద కూర్చుని కళ్ళు మూసుకుని ప్రార్థిస్తా ఉండా. కళ్ళు తెరిస్తే దీపం వెలగతా ఉండాది! ఇంట్లో ఎవురూ లేరు. ఎవురూ ముట్టుకోలేదు. బంగారం మాదిరి వెలిగింది!"

"స్తోత్రం!" అన్నారు పాస్టరు అయ్యగారు.

"స్తోత్రం!" అన్నది గుడి మొత్తం.

హెబ్రోను నోరు తెరుచుకోలేదు. గురువారం మధ్యాహ్నం తన బల్ల దగ్గర కూర్చుని, క్యారియరు పక్కన పెట్టుకుని, కొత్త పసుపు రంగును పరీక్షించడానికి మీట నొక్కింది గుర్తొచ్చింది. వేలి చివర ఆ మీట తగిలినట్టే అనిపించింది.

"ఆ దీపాన్ని బాగు చేసిన తమ్ముడు కూడా మన మధ్యనే ఉన్నాడు," అన్నారు అయ్యగారు ఆనందంగా. "హెబ్రోను, ఒక్కసారి లేచి నిలబడు నాయనా."

లేచాడు. చప్పట్లు మోగాయి. ముందు వరసలో ఒక పెద్దాయన వెనక్కి తిరిగి చెయ్యి పట్టుకుని ఊపాడు. అంత చెమట పట్టిన చేతిని ఆయన ఎన్నడూ పట్టుకుని ఉండడు. చిన్నప్పుడు బడిలో గోడమీద పేరు రాసి దొరికినప్పుడు కూడా హెబ్రోనుకు ఇంత సిగ్గు వేయలేదు. అప్పుడు దెబ్బలు కొట్టారు. ఇప్పుడు చప్పట్లు కొడుతున్నారు.

ఆడవాళ్ళ వైపు అబిగయీలు తల వంచుకుని కూర్చుంది.

ఆరాధన అయ్యాక వేపచెట్టు కింద అతని దగ్గరికొచ్చింది.

"ఒక మాట అడగతా. ఆ దీపం దానంతట అది వెలగతాదా?"

ఇప్పుడు చెప్పాలి. చెబితే, అంతమంది ముందు సాక్ష్యం చెప్పిన ముసలామె పరువేం కావాలి? పైగా ఈ పిల్ల మీద ఆశతో సంబంధం చెడగొట్టాడని అందరూ అనరా? అంటారు. అది అబద్ధం కూడా కాదు.

"ఒక్కోసారి... కరెంటు పోయి వచ్చినప్పుడు..." అని నసిగాడు.

"గురువారం కరెంటు పోలేదు."

అతను ఇసుకలోకి చూశాడు.

"శనివారం కావలి వాళ్ళు మాట ఖాయం చేసుకునేదానికి వస్తుండారు," అంది ఆమె. "మనుషులు చెబితే ఎదురు చెప్పొచ్చు. దేవుడు చెప్పినాడంటే నేనేం చెప్పేది, హెబ్రోనూ?"

గారు లేదు. అంత దగ్గరగా పిలిచినా అతను ఇసుకలోంచి చూపెత్తలేదు. రెబెక్కమ్మ కొసరి కొసరి వడ్డించిన భోజనం తిని, బస్సెక్కాడు.

బస్సులో ఫోన్ తీస్తే ప్రాజెక్టు పేజీలో బ్రెజిల్ నుంచి ఒకాయన రాసిన సందేశం కనబడింది. "గురువారం ఇంకా తెల్లారకముందే మా దీపం దానంతట అదే వెలిగింది. మా ఆవిడ దయ్యమనుకుని మంచం దిగి పరుగెత్తింది. దయచేసి చూడగలరా?"

నొక్కింది ఒకే మీట. అక్కడ దయ్యమైంది, ఇక్కడ దేవుడైంది.

ఆ వారమంతా హెబ్రోను ఏ వస్తువు విప్పినా మళ్ళీ బిగించలేకపోయాడు. ఒక రోజు మధ్యాహ్నమైనా షాపు షట్టరు ఎత్తకుండా మెట్టు మీద కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. "ప్రభువా, ఈ సంగతి వాళ్ళకు చెప్పమంటావా, వద్దంటావా? నాకొక గుర్తు..."

అక్కడే ఆగిపోయాడు. దొంగ గుర్తు పంపినవాడు ఇంకో గుర్తు అడుగుతున్నాడు. ఏం చెయ్యాలో తెలిసినవాడికి గుర్తెందుకు?

"ఏందబ్బయా, షాపు తియ్యవా?" అన్నాడు ఫ్రెడ్డీ.

"ఇయ్యాల తియ్యను. మైపాడు పోతుండా."

"పెళ్ళి చూపులకా?"

"తిట్లు తినేదానికి."

*

రెబెక్కమ్మ వరండాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. అబిగయీలు అప్పుడే స్కూలు నుంచి వచ్చినట్టుంది, బ్యాగు ఇంకా భుజానే ఉంది. వాళ్ళ అమ్మానాన్నలు బజారుకు వెళ్ళారు. హెబ్రోను కుర్చీలో కూర్చోలేదు. గచ్చు మీద, అవ్వ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"అవ్వా, ఆ గురువారం నీ దీపం వెలిగించింది నేనే."

"నువ్వు నెల్లూరులో ఉంటివి గదా?"

"నెల్లూరు నుంచే వెలిగించినా. తెలిసి చెయ్యలేదు. ప్రోగ్రాములో ఒక లైను తియ్యాల్సింది. తియ్యలేదు. నా బల్ల మీద మీట నొక్కితే ఇక్కడ వెలిగింది. కావాలంటే ఇప్పుడే చూపిస్తా." ఫోన్ తీశాడు.

"వద్దు," అంది రెబెక్కమ్మ. "చూపించబాక. నమ్మినా."

చింతపండు పళ్ళెం పక్కకు జరిపింది. చేతులు కొంగుకు తుడుచుకుంది.

"అయితే, ప్రభువు నాతో మాట్లాడలేదా?"

హెబ్రోను ఎదురుచూసిన తిట్టు ఇది కాదు. ఇది తిట్టే కాదు. ఆ గొంతు విన్నాక తల ఎత్తలేకపోయాడు.

"నాకు తెలవదవ్వా. ఆయన సంగతి చెప్పేంతవాణ్ణి కాదు. మీట నొక్కింది నేనని మాత్రం తెలుసు."

"గుళ్ళో అంతమందిలో ఎందుకు చెప్పలేదు?"

"సిగ్గేసింది."

"ఇప్పుడెందుకు చెబుతుండావు? ఈ సంబంధం పోవాలనా?"

"అది కూడా ఉందవ్వా. లేదంటే ఇంకో అబద్ధమవతాది. అబిగయీలంటే నాకు ఇష్టం. నిజం చెబితే నాకే లాభమని, ఆ లాభానికే చెబుతుండానేమోనని, నా మీద నాకే అసహ్యమేసి ఇన్నాళ్ళు నోరు తెరవలేదు. సుశీల్ కుమారు గారు మంచోడే అయ్యుంటాడు. ఆయన్ని చేసుకోవద్దని నేను చెప్పడం లేదు. నా మీట చూసి మాత్రం చేసుకోబాకండి."

భుజం మీది బ్యాగు దబ్బున కింద పడింది.

"తీసేశా అన్నావు," అంది అబిగయీలు. "నేను అడిగినా. నా ముఖం చూసి తీసేశా అన్నావు. ఇష్టమంట! ఇష్టమున్నోళ్ళతో అట్టానే చెబుతారా?"

"నీ ముందు తక్కువైపోతానని..."

"ఇప్పుడు ఎక్కువైనావా?"

"లేదు."

"వేపచెట్టు కింద కూడా అడిగినా. కరెంటంట, కరెంటు!"

ఆమె కన్నీళ్ళు తుడుచుకుని స్తంభానికి ఆనుకుని నిలబడింది.

"ఉండవే," అంది రెబెక్కమ్మ. "ఆ పిల్లోడి తప్పు ఆ పిల్లోడు చెప్పుకున్నాడు. నా తప్పు నేను చెప్పుకోవాల." మనవరాలిని దగ్గరికి రమ్మని చెయ్యి చాచింది. "నీ పెళ్ళి గురించి నేను దీపాన్ని అడిగినా. నిన్ను అడగలేదు గదమ్మా."

అబిగయీలు వచ్చి అవ్వ ఒడిలో ముఖం పెట్టుకుంది.

"ఇప్పుడు అడగతుండా. కావలి అబ్బాయి నీకిష్టమా?"

ఒడిలో నుంచి తల అడ్డంగా ఊగింది.

"ముందే చెప్పకూడదా?"

"ఎట్టా చెప్పేది? అందరూ స్తోత్రం అన్నారు గదా!"

రెబెక్కమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "సరే. మీ నాయనతో నేను చెబుతా. శనివారం వాళ్ళని రావద్దని కబురు పంపుదాం. మరి ఈ పిల్లోడి సంగతి?"

"ఆయన సంగతి నన్ను అడగొద్దు. ఆయన ముఖం కూడా చూడను."

హెబ్రోను లేచాడు. "ఆదివారం గుళ్ళో నేనే చెబుతానవ్వా, నువ్వు లేవబాక."

"నా నోటితో చెప్పింది నా నోటితోనే వెనక్కి తీసుకోవాల. నువ్వు పోయి, ముందు ఆ లైను తియ్యి నాయనా."

ఆ సాయంత్రమే తీశాడు. ప్రాజెక్టు పేజీలో తెలుగులో ఒకసారి, తనకొచ్చిన ఇంగ్లీషులో ఒకసారి, జరిగింది దాచకుండా రాశాడు. తన నిర్లక్ష్యం వల్ల ఒక ఇంట్లో భయం, ఒక ఇంట్లో తప్పుడు ఆశ కలిగాయనీ, క్షమించమనీ రాశాడు. బ్రెజిల్ ఆయన నవ్వే బొమ్మ పెట్టాడు. అబిగయీలు ఏమీ పెట్టలేదు.

*

ఆదివారం హెబ్రోను వెనక వరసలో కూర్చున్నాడు. ఈసారి చొక్కాకు ఇస్త్రీ లేదు.

"పోయిన వారం నేను చెప్పిన సాక్ష్యం వెనక్కి తీసుకుంటుండా," అంది రెబెక్కమ్మ. "అది గుర్తు కాదు. మిషను పొరపాటు. నేను తొందరపడినా."

గుడిలో గుసగుసలు లేచాయి. చేపల వ్యాపారం చేసే పేరమ్మ గట్టిగానే అంది. "అదేందక్కా, దేవుడి మాటక్కూడా రిటర్న్ ఉండాదా?"

నవ్వులు. మంచం మీద అంత ధీమాగా ఉండే ముసలామె, అందరి మధ్యా నిలబడి కొంగు చివర నలుపుతోంది.

హెబ్రోను లేచి, మగవాళ్ళ వరసలు దాటుకుంటూ ముందుకెళ్ళాడు. ఆడవాళ్ళ చాపకు ఇవతల, అవ్వకు దగ్గరగా నిలబడ్డాడు.

"మిషను పొరపాటు కాదండీ. నాది. పోయిన వారం మీరంతా నాకు చప్పట్లు కొట్టినారు. ఆ మీట నొక్కింది నేను. తప్పు సరిచేశానని అబద్ధం చెప్పింది నేను. ఇక్కడే కూర్చుని, సంగతి తెలిసి కూడా, భోంచేసి పొయ్యింది నేను. అవ్వ దేవుణ్ణి అడిగింది, అంతే. నవ్వితే నన్ను చూసి నవ్వండి."

ఎవరూ నవ్వలేదు. పేరమ్మ ముసుగు సర్దుకుంది.

అయ్యగారు గొంతు సవరించుకున్నారు. "పోయిన వారం అందరికంటే ముందు స్తోత్రం అన్నది నేను," అన్నారు మెల్లగా. "ఆ బిడ్డకు ఇష్టమా అని నేనూ అడగలేదు. ప్రార్థన చేసుకుందాం."

అందరూ మోకరించారు. ఆ ప్రార్థనలో ఆయనకు మాటలు తడబడ్డాయి. అయినా అంత శ్రద్ధగా ఆమెన్ చెప్పిన ఆదివారం ఆ గుడిలో ఈ మధ్య లేదు.

ఆరాధన అయ్యాక హెబ్రోను ఎవరి కంటా పడకుండా వెళ్ళిపోదామనుకున్నాడు. గుమ్మం దగ్గర చెప్పుల గుట్టలో ఒక చెప్పు దొరికింది, రెండోది దొరకలేదు. ఒంటికాలి మీద నిలబడి వెతుకుతుంటే ఎదురుగా అబిగయీలు వచ్చి నిలబడింది.

"ముఖం చూడనన్నావు," అన్నాడు చెప్పుల వైపే చూస్తూ.

"చూడకుండా ఉందామనే అనుకున్నా. నువ్వొచ్చి గుడి మధ్యలో నిలబడితివి. యాడ చూసేది?"

"ఇంకా కోపమేనా?"

"కోపమే. ఆ కోపం ఇప్పట్లో పోదు. ఇంకోసారి 'ఎప్పుడో తీసేసినా' లాంటి మాట వినిపించిందంటే..."

"చేయకుంటే చేయలేదనే చెబుతా. ఎంత సిగ్గైనా సరే."

ఆమె అతని చెవులు ఎర్రబడటం చూసి, పెదవి కొరికి నవ్వు ఆపుకుంది.

"పొద్దున నాన్న నన్ను కూర్చోబెట్టుకుని అడిగినాడు. అమ్మా, నెల్లూరు అబ్బాయి గురించి నీ మనసులో ఏముంది అని."

హెబ్రోను చేతిలోని చెప్పు జారింది. "నువ్వేం చెప్పినావు?"

"ముందు, నన్ను అడిగినందుకు సంతోషం నాన్నా అన్నా."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత, నేను చెప్పింది విని, ఆ అబ్బాయిని ఈ పూట భోజనానికి పిలుచుకు రమ్మన్నాడు." ఆమె ముఖం తిప్పుకుని నాలుగడుగులు వేసి ఆగింది. "రెండో చెప్పు తర్వాత వెతుక్కోవచ్చు. రా, హెబ్రోనూ. అందరూ నీ కోసం చూస్తుండారు."